గూడ్సు పెట్టెకు జాతకం

పెన్సిల్వేనియా రైల్‌రోడ్డు వారి ఎక్స్-29 గూడ్సు పెట్టెకు ఎటువంటి తలుపు ఉండాలనే విషయంలో సమాజం చూపుతున్న ఉదాసీనత నన్ను చాలాకాలంగా కలచివేస్తోంది. వార్తల్లో దీని ఊసు లేదు. ఎన్నికల ప్రణాళికల్లో లేదు. అమెరికాలో స్థిరపడిన మనవాళ్ళు నలుగురు కలిస్తే ఇళ్ళ ధరలూ వీసాలూ ఆవకాయ పార్సిళ్ళూ మాట్లాడుకుంటారు గాని, 1924 నాటి పెట్టె బొమ్మకు తర్వాతి కాలపు కొసగోడ తగిలించి అమ్ముతుంటే ఒక్కరూ నోరెత్తరు. పెన్సిల్వేనియాలోనే కాపురం ఉంటున్నాను కనుక ఆ బాధ్యత నామీద పడింది.

విషయం తెలియని అదృష్టవంతుల కోసం రెండు ముక్కలు. బాక్స్‌కార్ అంటే కప్పూ, పక్కలకు జరిగే తలుపులూ ఉన్న గూడ్సు పెట్టె. ధాన్యం, పిండి బస్తాలు, కోత కలప, యంత్రాలు, ఏవైనా సరే, గడిచిన శతాబ్దపు మొదటి సగంలో అమెరికా సరుకు చాలావరకు వీటిలోనే ఊరూరా తిరిగింది. ఆ పెట్టెలను 1:87 నిష్పత్తికి కుదించి, ముక్కలుగా డబ్బాలో పెట్టి అమ్ముతారు. ఈ కొలతను హెచ్‌ఓ అంటారు. 40 అడుగుల పెట్టె ఇందులో 14 సెంటీమీటర్లు అవుతుంది. ముక్కలు అతికించడం మన వంతు.

అజ్ఞాని దుకాణంలోకి వెళ్ళి "ఒక మంచి బాక్స్‌కార్ కిట్టు ఇవ్వండి" అంటాడు. జ్ఞాని ముందు తనను తాను ప్రశ్నించుకుంటాడు: ఏ సంవత్సరం? ఏ నెల? ఇది సంబంధం కుదుర్చుకోవడం కంటే కఠినం. మా తాతగారి పుట్టినరోజు "పెద్ద తుఫాను వచ్చిన ఏడు, వరికోతలప్పుడు" అని తప్ప మా వంశంలో ఎవరికీ తెలియదు. అమెరికా గూడ్సు పెట్టెకు మాత్రం పుట్టిన నెలా సంవత్సరమూ ఒంటి మీదే రాసి ఉంటాయి. చివరిసారి తూకం వేసిన తేదీ కూడా ఉంటుంది. ఇంత పక్కా జాతకం ఉన్న జీవిని ఇష్టం వచ్చినట్టు అతికించడం అన్యాయం కాదా?

నా బొమ్మ బండి నడిచే కాలంగా నేను 1948 అక్టోబరు ఎంచుకున్నాను. ఎంచుకోగానే ప్రపంచం ఎంత ఇరుకైపోయిందో చెప్పలేను. పెట్టెలు కట్టే పుల్‌మన్-స్టాండర్డ్ కంపెనీ వారి పీఎస్-1 పెట్టె 1947లో మొదలైంది కనుక నా బండిలో ఒకటో రెండో ఉండవచ్చు, అవి కూడా కొత్త పెళ్ళికొడుకుల్లా మెరుస్తూ ఉండాలి. 1933 నుంచి కొత్త పెట్టెలకు ఏబీ రకం గాలి బ్రేకులే పెట్టాలన్నారు, అయినా పాత కే రకం బ్రేకుల పెట్టెలు 1953 దాకా దేశమంతా తిరిగాయి. కాబట్టి రెండు రకాలూ కావాలి. బ్రేకులు పెట్టె అడుగున ఉంటాయి, బండి బోర్లా పడితే తప్ప ఎవరికీ కనిపించవు అని మా బావగారు అన్నారు. ఆయన ఆడిటరు. అడుగున ఏముందో చూడకుండా సంతకం పెట్టడం ఆయనకు అలవాటేమో, నాకు కాదు.

ఇక ఎత్తు. ఎక్స్-29 లోపలి ఎత్తు 8 అడుగుల 7 అంగుళాలు. 1937 నాటి ప్రామాణిక నమూనా పెట్టె 10 అడుగులు. ఆ తర్వాత దానికి మరో నాలుగు, ఆరు అంగుళాలు పెంచారు. ఆరు అంగుళాలంటే మన కొలతలో రెండు మిల్లీమీటర్ల లోపే. కంటికి ఆనదు అనుకునేవారు ఉన్నారు. కూరలో ఉప్పు కూడా కంటికి ఆనదు. ఈ కొలతలన్నీ ఏ నంబరు నుంచి ఏ నంబరు వరకు ఏ పెట్టెకు వర్తిస్తాయో చెప్పే గ్రంథం ఒకటి ఉంది, అఫీషియల్ రైల్వే ఎక్విప్‌మెంట్ రిజిస్టర్ అని. మా ఇంట్లో పంచాంగం పక్కనే ఉంటుంది. పంచాంగం కంటే ఎక్కువ నలిగింది.

ఎక్స్-29లు సుమారు 30,000 కట్టారు. ఇంత పెద్ద కుటుంబంలో అందరి పోలికా ఒకటే అనుకుంటే పొరపాటు. తొలి పెట్టెల కొసగోడలు చదునైన ఇనుప రేకులు, తర్వాతి వాటికి గట్లు తేలిన డ్రెడ్‌నాట్ గోడలు. తలుపులూ మారాయి. పైగా కాలక్రమంలో పక్కగోడలు కింది అంచున తుప్పు పట్టి, వాటికి అతుకులు వేశారు. అందువల్ల నిజాయితీపరుడు చేయవలసిందేమిటంటే, కొత్త కిట్టు కొని, కష్టపడి అతికించి, ఆ వెంటనే దానికి మాసికలు వేయాలి. కొత్త చొక్కా కొనగానే మోచేతి దగ్గర చింపి కుట్టించుకున్నట్టు. బాల్టిమోర్ అండ్ ఒహాయో అనే మరో రైల్వే వారి ఎం-26 పెట్టె దీనికి దాదాపు కవల. ఇంటి పేరు వేరు, ముఖం ఒకటే. అమ్మేవారికి ఇది వరం, కొనేవారికి శాపం.

కిట్లలో కులాలున్నాయి. ఆథర్న్ కంపెనీ వారి నీలి డబ్బాలది ఒక కులం. డబ్బాను ఊపితే బండి తయారవుతుందని వాటికి పేరు. నిచ్చెనలు గోడకే అంటుకుని పోతపోసి ఉంటాయి, పది నిమిషాల్లో పని అయిపోతుంది, ఆ సంతోషంలో పాపభీతి కలగదు. రెండోది రెసిన్, అంటే అచ్చులో పోసి గట్టిపరచిన ప్లాస్టిక్ లాంటి పదార్థం, దాని కిట్ల కులం. వెన్నరంగు పలకలు, వెంట్రుకంత తీగలు. చేతిపట్టులన్నీ ఒక్కొక్కటి రంధ్రం చేసి గుచ్చాలి. పట్టకారు నుంచి ఒకటి ఎగిరిపోతే దొరకదు, వంటగదిలో పప్పులో తేలుతుంది. నేను రెండో కులంలో చేరాను. చేరాక తెలిసింది, మమ్మల్ని లోకం "రివెట్లు లెక్కపెట్టేవాళ్ళు" అని వెక్కిరిస్తుందని. మా నాయనమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరేది. ఆమెను ఎవరూ రాళ్ళు లెక్కపెట్టే మనిషి అనలేదు. అన్నం తిన్నారు, ఊరుకున్నారు.

రంగు గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే క్లుప్తంగా చెప్పకపోతే ఆపలేను. ఇనుప ఆక్సైడుతో చేసిన ఎరుపు. ఒక్కో రైల్వేది ఒక్కో ఎరుపు. ఆధారం పాత నలుపు తెలుపు ఫొటోలు. అందులోనూ ఆర్థోక్రొమాటిక్ ఫిల్ము ఎరుపును గుర్తించదు, నల్లగా చూపిస్తుంది. ఈ సాక్ష్యంతో ఇటుక ఎరుపా, కాచు ఎరుపా అని మూడు నెలలు వాదించి, ఒక సీసా తెప్పించి, పూసి, ఆరబెట్టి, ఆ పైన ఆవిరి ఇంజన్ల కాలం కదా అని మూడు గంటలు కూర్చుని మసి పూశాను. ఇప్పుడది ఏ ఎరుపో నాకే తెలియదు. కాని అడుగున సరైన ఎరుపు ఉందని తెలుసు. రాత్రి నిద్ర పడుతోంది.

ఎన్ని పెట్టెలు కావాలన్నది ఇంటివారితో తేల్చుకోవలసిన అంశం. పెట్టెలు ఒక రైల్వే నుంచి మరో రైల్వేకు చేతులు మారుతూ దేశమంతా తిరిగేవి కనుక, ఏ బండిలోనైనా ఆయా రైల్వేల పెట్టెల సంఖ్యను బట్టి వాటా ఉండాలని ఒక వాదన. పెన్సిల్వేనియా వారి దగ్గర పెట్టెలు అపారం. "ఇది కోరిక కాదు, నిష్పత్తి" అని మా ఆవిడకు వివరించాను. ఆమె పెట్టెల నిష్పత్తిని కాక బ్యాంకు ఖాతా నిష్పత్తిని చూపించింది. ప్రస్తుతానికి ఒక పెట్టెతో రాజీ కుదిరింది.

ఆ ఒక్కటీ పూర్తయింది. 1948 నాటి ఒక ఫొటో ముందు పెట్టుకుని, భూతద్దంతో చూస్తూ, తలుపు గొళ్ళెం దాకా సరిచేశాను. మా ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "ఏమండీ, ఫొటోలో ఒక వైపే ఉంది. రెండో వైపు అతుకులు ఎక్కడెక్కడ ఉన్నాయో మీకెలా తెలిసింది?" అంది.

ఫొటో తీసినాయన పట్టాలకు ఇటువైపే నిలబడ్డాడు. అటువైపుకు నాలుగడుగులు వేసి ఉంటే ఏం పోయేదో. ఆ రోజు నుంచి పెట్టె బల్ల మీద, రెండో వైపు గోడకు తిప్పి ఉంది. పట్టాలు గుండ్రంగా వేశాను కనుక బండి అర చుట్టు తిరిగితే ఆ వైపు బయటపడుతుంది. అందుకని బండిని నడపడం లేదు.