చలువ చేస్తుందట!

పోయిన ఎండాకాలం ఊరికి వెళ్లినప్పుడు, ఐదో నెల కడుపుతో ఉన్న మా మరదలి చేతికి మా పెద్దమ్మ ఈతకల్లు గ్లాసు ఇచ్చింది. "ఒక్క గిలాసే బిడ్డా, చలువ జేస్తది." నేను వద్దన్నాను. "మీ అమ్మ తాగలేదా? నువ్వు మంచిగ పుట్టలేదా?" అంది. అప్పుడు నాకు జవాబు తట్టలేదు.

జవాబేంటంటే, తల్లి తాగితే కడుపులో బిడ్డలందరికీ దెబ్బ తగలదు, తగిలినా పురిట్లో కనబడకపోవచ్చు. బడికి వెళ్లాక బయటపడుతుంది. ఒకచోట కూర్చోలేడు, చెప్పింది గుర్తుండదు, లెక్కలు రావు. "మొద్దు" అని తన్నులు తిన్న పిల్లల్లో ఇలాంటివాళ్లు ఎందరో! ఈ దెబ్బల్లో తీవ్రమైనదానికి 1973లో అమెరికాలోని సియాటిల్ డాక్టర్లు ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. చెట్టు దిగిన కల్లు కొన్ని గంటల్లోనే పులుస్తుంది. పులిశాక అందులో ఉండేది విస్కీలో ఉండే ఆల్కహాలే. అది మాయ దాటి బిడ్డకు చేరుతుంది. దాన్ని అరిగించే శక్తి ఆ చిన్న కాలేయానికి ఇంకా రాదు. ఇంతవరకు తాగొచ్చు అనే కొలతే లేదు.

అసలు దుకాణంలో అమ్మేదంతా చెట్టు కల్లేనా? అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపిన కల్లు ఎన్నిసార్లు పట్టుబడలేదు! 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి జనం చచ్చిపోయారు కూడా. ఈ కల్తీకి అలవాటు పడ్డవాళ్లు ఒక్కసారిగా మానేస్తే చేతులు వణుకుతాయి, ఫిట్స్ వస్తాయి. అందుకే గర్భిణిని "ఇవాళ్టి నుంచి బంద్" అని గదమాయించడమూ ప్రమాదమే. డాక్టరుకు చెప్పి, వాళ్లు చెప్పినట్టే మాన్పించాలి. మత్తు మాన్పించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేసినా దారి చెబుతారు.

కానీ డాక్టరుకు చెప్పేదెలా? నేను చూసిన చోట బీపీ చూస్తారు, రక్తం చూస్తారు, కల్లు సంగతి ఎత్తరు. ఎత్తినా అత్త పక్కనుండగా, మొహం చిట్లించి. ఎవరు నిజం చెబుతారు? రోజంతా నాట్లు వేసి ఒళ్లు నొప్పులతో వచ్చిన మనిషికి గ్లాసు పోసింది మొగుడే. మరి అతన్ని కూర్చోబెట్టి అడిగేదెవరు?

మందు సీసా మీదేమో ఆరోగ్యానికి హానికరం, తాగి బండి నడపొద్దు అని ఉంటుంది. కడుపులో బిడ్డ మాట ఉండదు. అమెరికాలో 1989 నుంచీ రాస్తున్నారు. మన కల్లు సీసాకైతే ఏ రాతా లేదు.

ఆ రోజు మరదలికి ఉప్పేసి మజ్జిగ కలిపిచ్చాను. పెద్దమ్మ ఆ కల్లు పారబోయలేదులెండి. తనే గటగటా తాగేసి, "వచ్చింది డాక్టరమ్మ" అని మూతి తిప్పింది.