కచేరీలో పాటెందుకు?

లండన్‌లో 1895 నుంచి వేసవిలో ప్రోమ్స్ పేరుతో కచేరీలు జరుగుతున్నాయి. స్విట్జర్లాండ్‌లోని మాంత్రూలో 1967లో జాజ్ ఉత్సవం మొదలైంది. 1919లోనే సంగీత కళాశాల పెట్టుకున్న విజయనగరం మాత్రం వేసవి వస్తే మామిడిపళ్ల ధరలు, పెళ్లి భోజనాలు మాట్లాడుకుంటూ కూర్చుంటోంది. ఈ అవమానం ఇక భరించలేమని ఊళ్లో కొందరు పెద్దలు కమిటీగా ఏర్పడ్డారు. మే నెలలో మూడు సాయంత్రాలు: ఒకరోజు శాస్త్రీయం, ఒకరోజు జాజ్, ఒకరోజు క్యాబరే. కమిటీ ఆలోచనలన్నిటినీ నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను.

వేసవి కచేరీలు చలిదేశాల వాళ్ల సరదా అని గిట్టనివాళ్లు అంటున్నారు. అక్కడ ఎండ కనిపిస్తే జనం చాపలు పట్టుకుని పార్కులకు పరుగెడతారట. మనం పక్క జిల్లా అరసవల్లి దాకా వెళ్లి సూర్యుడికి దణ్ణం పెట్టేది కాస్త కనికరించమనే. అయినా కళకు ఎండేమిటి, వానేమిటి?

మొదటిరోజు శాస్త్రీయ సంగీతం. కార్డు మీద సాయంత్రం ఆరు గంటలకని వేస్తారు కాబట్టి ముఖ్య అతిథి ఏడింటికి వస్తారు. జ్యోతి ప్రజ్వలన. ఫ్యాన్ గాలికి వత్తి నిలవదు గనక హాల్లో ఫ్యాన్లన్నీ కట్టేస్తారు. కుందికి ఐదు వత్తులు, వేదిక మీద పదకొండుమంది పెద్దలు. అందరి చేతికీ కొవ్వొత్తి అందాలి, అందరూ ఫొటోలో పడాలి. వెలిగించిన వత్తిని ఆర్పి ఇంకొకరి చేత వెలిగించడం దోషమా కాదా అని పంతులుగారిని అడిగి మరీ చేస్తారు. ఈలోగా మృదంగం ఎడమవైపు తొప్పికి నాదం కోసం పెట్టిన రవ్వముద్ద ఎండిపోతుంది. పాపం మృదంగం ఆయన మళ్లీ నీళ్లు అడుగుతాడు. ఫిడేలు విద్వాంసుడు శ్రుతి చేసుకుంటుంటే మైకు కుర్రాడు ఆయన మైకే కట్టేస్తాడు, ఉపన్యాసానికి అడ్డొస్తోందని.

ఉపన్యాసాలకూ ఒక సంప్రదాయం ఉంది. ప్రతి వక్తా హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారితో మొదలుపెట్టి, ఫిడేలు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి మీదుగా ఘంటసాల దగ్గరికి వచ్చి, తన చిన్నతనంలో ఆగిపోతాడు. చదువుకునే రోజుల్లో ఘంటసాల ఈ వీధుల్లోనే మధూకరం, అంటే ఇంటింటా అన్నం అడుక్కోవడం, చేసుకున్నారని ఛాతీ ఉప్పొంగేలా చెబుతాడు. జనం చప్పట్లు కొడతారు. అది ఊరు గర్వపడాల్సిన సంగతో సిగ్గుపడాల్సిన సంగతో ఇంతవరకు ఏ వక్తా తేల్చలేదు.

తర్వాత సన్మానం. మే నెలలో, ఫ్యాన్లు కట్టేసిన హాల్లో, శాలువా మీద శాలువా కప్పించుకుని చిరునవ్వు చెదరకుండా నిలబడటం ఏ గురువూ నేర్పలేని సాధన. మూడో శాలువాకి గాయకురాలి మొహం కనబడదు గనక ఫొటోగ్రాఫరు, "అమ్మా, ఇంకొక్కసారి ఇటు" అంటాడు. నాలుగోది స్పాన్సరు గారిది, కాబట్టి అదే పైన ఉండాలి. తంబూరా ఒక్కటే సుఖంగా ఉంటుంది. దానికెవరూ ఏమీ కప్పరు.

ఇదంతా అయ్యేసరికి తొమ్మిది. పల్లెల నుంచి వచ్చినవాళ్లు ఆఖరి బస్సు కోసం లేచిపోతుంటారు. కమిటీ దీని మీద లోతుగా ఆలోచించింది. దీపం ఆపితే అరిష్టం. సన్మానం ఆపితే స్పాన్సరు ఆగడు. వందన సమర్పణ ఆపితే అది చేయాల్సిన కార్యదర్శి అలుగుతాడు. ఆపితే ఎవరికీ ఇబ్బంది లేనిది కార్యక్రమంలో ఒక్కటే కనిపించింది. అందుకని ఈసారి గాయకురాలు సరాసరి మంగళం పాడాలని తీర్మానించారు. నిజానికి అదీ కాస్త పొడవేనని ఒక సభ్యుడు అభిప్రాయపడ్డాడు.

జాజ్ విషయంలో చర్చ వేరే దారి పట్టింది. అమెరికాలో న్యూ ఆర్లియన్స్ నల్లజాతి వాళ్ల వీధుల్లో పుట్టిందని, వేదిక మీద అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయిస్తారని ఒక కుర్ర సభ్యుడు చెప్పాడు. అప్పటికప్పుడు స్వరాలు అల్లే మన స్వరకల్పనే కదా అన్నారొకరు. డ్రమ్ములాయన రెండు చేతులూ రెండు కాళ్లూ వాడతాడని కుర్రాడు అన్నాడు. అంతే, సభలో నవ్వులు. మన నారాయణదాసు గారు రెండు చేతులు, రెండు కాళ్లు, తలతో ఐదు తాళాలు వేసి చూపించిన మహానుభావుడు. తల వాడటం ఇంకా నేర్చుకోని వాళ్ల దగ్గర మనం నేర్చుకునేదేముంది? జాజ్ మనదేనని ఏకగ్రీవంగా తీర్మానమైంది. మనదే అయ్యాక బయటినుంచి ఎవరినీ పిలవనక్కర్లేదు కాబట్టి ఆ ఖర్చూ మిగిలింది.

బెల్జియం దేశస్థుడు అడాల్ఫ్ సాక్స్ 1846లో పేటెంటు తీసుకున్న సాక్సాఫోన్ మీద కద్రి గోపాల్‌నాథ్ కర్ణాటక సంగీతాన్నే పలికించారు కదా, ఆ లెక్కన మన పెళ్లి బ్యాండు మేళం జాజ్ వాయించలేదా అని కబురు పంపారు. క్లారినెట్టు మేస్త్రీ శ్రద్ధగా విన్నాడు. "మే నెలంతా లగ్గాలే బాబూ. ఖాళీ ఏటుంటాది? మూఢంలో పెట్టుకోండి, వచ్చీస్తాం" అన్నాడు. ఈ మొత్తం వ్యవహారంలో సంగీతానికి గిరాకీ ఉన్న మనిషి అతనొక్కడే. జాజ్ మూఢానికి వాయిదా పడింది.

ఇక క్యాబరే. ఆ రోజు మీటింగుకి మాత్రం అందరూ టైముకే వచ్చారు. పాత సినిమాల్లో విలన్ డెన్ తప్ప వేరే క్యాబరే ఎరగని సభ్యులైతే అరగంట ముందే వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. 1881లో పారిస్‌లోని మోంమార్త్ర్‌లో రోడోల్ఫ్ సాలిస్ ఇలాంటి చోటు ఒకటి పెట్టాడని, జనం బల్లల దగ్గర తాగుతూ కూర్చుంటే కవులూ గాయకులూ అధికారంలో ఉన్నవాళ్లనీ డబ్బున్నవాళ్లనీ ఎగతాళి చేస్తూ పాడేవారని కుర్రాడు వివరించేసరికి ముందు వరుస నీరుగారిపోయింది.

1892లో ఈ ఊళ్లోనే గురజాడ వారి కన్యాశుల్కం ఆడి పెద్దమనుషుల్ని పెద్దమనుషుల ముందే నవ్వులపాలు చేశారు కదా, మనకేం భయమని అతను ఊరుకోలేదు. "అప్పుడు ఫోన్లలో వీడియోలు తీసేవాళ్లు లేరు బాబూ" అన్నారు అధ్యక్షులవారు.

పోలీసు పర్మిషన్‌కి జాబితా ఇవ్వాలి కాబట్టి ఒక్కొక్కటీ కొట్టేస్తూ వచ్చారు. నాయకుల మీద పాటలు వద్దు. కాంట్రాక్టర్ల మీద అసలు వద్దు, నాలుగో శాలువా వాళ్లదే. కులం, దేవుడు సరేసరి. పోనీ ఎండ మీద పాడదామంటే కరెంటు కోతల ప్రస్తావన వస్తుంది. డాన్సు ఉంటే జాతరలో రికార్డింగ్ డాన్సు కింద కేసు రాస్తారు. తాగుడు ఎలాగూ కుదరదు. కొట్టేయగా కొట్టేయగా క్యాబరేలో బల్లలు మిగిలాయి.

వాటి మీద టిఫిన్లు పెట్టాలని అందరూ ఒప్పుకున్నారు. ఇడ్లీయా, ఉప్మానా అన్న దగ్గర మాత్రం ఓటింగు జరిగి, సరిసమానంగా చీలి, వచ్చే మీటింగుకి వాయిదా పడింది.