మహారాజశ్రీ కంప్యూటర్ సైన్స్ బ్రాంచి గారికి

హనుమకొండ నుంచి ఒక మెకానికల్ పట్టభద్రుడు నమస్కరించి వ్రాసుకొను విన్నపము. తమరి క్షేమం కటాఫ్ ర్యాంకుల్లోనే కనబడుతోంది కనుక వేరే అడగడం లేదు.

ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్లు పెట్టడానికి మొన్న మా అమ్మాయితో నెట్ సెంటరుకు వెళ్లినప్పుడే, సీఎస్‌ఈగా మాత్రమే నేనెరిగిన తమరు సీఎస్‌ఎం, సీఎస్‌డీ, సీఎస్‌సీ, సీఎస్‌ఓ అంటూ ఏఐ ఎంఎల్ (కృత్రిమ మేధ), డేటా సైన్సు, సైబర్ సెక్యూరిటీ, ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్ వేషాల్లో దశావతారాలకు దగ్గర పడ్డారని తెలిసింది. లాంగ్ నోట్‌బుక్‌లో మా ఆవిడ రాసి పంపిన 84 ఆప్షన్లలోనూ తమరే కొలువై ఉన్నారు. “ఏఐ ఎంఎల్ పైన పెట్టండి సార్, దానికే డిమాండు” అన్నాడు కుర్రవాడు. ఆ పాఠం చెప్పేదెవరని అడిగితే మౌస్ కదపడం మానేసి నా వంక జాలిగా చూశాడు.

2024–25 నుంచి అఖిల భారత సాంకేతిక విద్యా మండలి పేరున్న కళాశాలలకు ఒక్కో బ్రాంచిలో సీట్ల గరిష్ఠ పరిమితిని ఎత్తివేశాక తమ వైభవానికి హద్దే లేకుండా పోయింది. మా తోడల్లుడు పరకాల దగ్గర అరెకరం అమ్మి, కొడుక్కు యాజమాన్య కోటాలో తమ దర్శనం చేయించాడు.

నా సంగతి వేరు. నాలుగేళ్లు బాయిలర్లు, టర్బైన్లు చదివిన నన్ను, అరవై శాతం మార్కులుండి బ్యాక్‌లాగ్ లేకపోతే ఏ బ్రాంచైనా పరవాలేదన్న కంపెనీ ఒకటి తీసుకుని, మూడు నెలలు జావా నేర్పి, తమ వారి పక్కనే అదే జీతానికి కూర్చోబెట్టింది. తమ గుమ్మం తొక్కకుండానే పద్దెనిమిదేళ్లుగా తమ అన్నం తింటున్నాను. అదే నీటిపారుదల శాఖలో ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) ఉద్యోగానికైతే తమ వారు దరఖాస్తైనా పెట్టుకోలేరు. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పియర్లు (స్తంభాలు) కుంగినప్పుడు పరిశీలనకు వచ్చినవారిలో డేటా సైన్సు వారెవరూ నాకు కనబడలేదు.

ఆ కుంగిన పియర్లను టీవీలో చూసిన నాటి నుంచి మా అమ్మాయికి సివిల్ మీద మనసైంది. “ఎండలో తిరిగే చదువు, సంబంధాలెలా వస్తాయి?” అని వాళ్ల పెద్దమ్మ దిగులు.

నిన్న రాత్రి పదకొండింటికి నా ఫోనుకు ఓటీపీ వచ్చింది. అమ్మాయి అడిగితే చెప్పాను. ఉదయం చూస్తే మొదటి ఆరు ఆప్షన్లూ సివిల్, తమరు ఏడో స్థానంలో ఉన్నారు. వాళ్ల పెద్దమ్మకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు. దయచేసి తమరూ చెప్పకండి.

ఇట్లు,
తమ అన్నం తింటున్న పరాయి బ్రాంచివాడు