రైళ్ళేశారట, దండం పెట్టాలట!

ఇప్పుడే ఒక పెళ్ళి భోజనం నుంచి లేచొచ్చాను. తిన్నది అరగలేదు. తప్పు వంటవాళ్ళది కాదు, పక్క కుర్చీలో కూర్చున్న పెద్దమనిషిది. ముద్దపప్పులో నెయ్యి కలుపుకుంటూ, "బ్రిటిషోళ్ళు ఇంకో యాభై ఏళ్ళు ఉండుంటే దేశం బాగుపడేది. రైళ్ళేశారు, అన్నీ ఇచ్చారు, మనాళ్ళకి స్వాతంత్ర్యం ఎందుకు కావాల్సొచ్చిందో" అన్నాడు. చుట్టూ నలుగురు తలలూపారు. పెళ్ళివారి మొహం చూసి నోరు మూసుకున్నా. ఇక్కడ మూసుకోను.

ఎందుకు కావాల్సొచ్చిందా? మా చీరాల రండి, చెప్తా. మగ్గాల మీద బతికే ఊరు. మద్రాసు ప్రభుత్వం చీరాలనీ పేరాలనీ కలిపి మునిసిపాలిటీ చేసేసింది. ఎవరడిగారు? ఎవరూ అడగలేదు. ఏడాదికి 4 వేలు పన్ను కట్టే జనం నెత్తిన సుమారు 40 వేలు పడ్డాయి. వద్దు మొర్రో అంటూ పెట్టుకున్న అర్జీలు బుట్టదాఖలు. కట్టం అన్నవాళ్ళకి జైలు. సరే, మీ మునిసిపాలిటీ మీరే ఉంచుకోండి, ఊరే వదిలేస్తాం అన్నారు. 1921లో, ఎడింబరోలో చదివొచ్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద, ఊళ్ళో ఎక్కువమంది ఇళ్ళకి తాళాలేసి, పొలిమేర దాటి పాకలేసుకున్నారు. దానికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. చంటిపిల్లలతో, ముసలాళ్ళతో దాదాపు 11 నెలలు! సొంతిల్లు కూతవేటు దూరంలో ఉండగా పాకలో పడుకోవడం ఎంత కసి ఉంటే సాధ్యం? దుగ్గిరాలకి ఏడాది జైలు. అప్పుడు మునిసిపాలిటీల శాఖ మంత్రి పానగల్లు రాజా, మన తెలుగాయనే. ఆ దౌర్భాగ్యం గురించి ఇంకోసారి తిట్టుకుందాం.

వాళ్ళు పన్ను కట్టలేని బీదరికంతోనే వెళ్ళిపోయారనుకుంటే పొరపాటే. "మీ మంచి మాకు తెలుసు, మీరు నోర్మూసుకుని కట్టండి" అన్న ఆ ధోరణికి ఒళ్ళు మండి వెళ్ళారు.

ఇక రైళ్ళు. వేసిన కంపెనీలకి 5 శాతం లాభం గ్యారంటీ. అంత రాకపోతే మన పన్నుల్లోంచి పూడ్చేవాళ్ళు. అబ్బ, ఏం దానగుణం! వెంటనే కాటన్ దొర పేరెత్తుతారు. ఆయనకి గోదారోళ్ళు దండం పెడతారు, నేనూ పెడతా. ఆ ఆనకట్టకి డబ్బు రాబట్టడానికి ఆయన పైవాళ్ళతో ఎంత పోట్లాడాడో అదీ చదవండి మరి.

ధాత కరువు సంగతి ఆ పెద్దమనిషికి ఎవరైనా చెప్పారా? బళ్ళారి, కర్నూలు, కడప జనం ఆకలికి రాలిపోతుంటే, 1877 జనవరి 1న వైస్రాయి లిట్టన్ దొర ఢిల్లీలో దర్బారు పెట్టి విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా ప్రకటిస్తున్నాడు. కరువు పనుల్లో చాకిరీ చేసే మగాడికి రోజుకి ఒక పౌను గింజలు, ఒక అణా. పౌనంటే అరకిలో కూడా కాదు. ధాన్యం మాత్రం ఓడలెక్కి పోతూనే ఉంది. నెయ్యి ఇంకొంచెం వేసుకోండి సార్, మొహమాటపడకండి.

అసలు నా కడుపుమంట వేరే ఉంది. మా బళ్ళో సోషల్ మాస్టారు బోస్టన్ టీ పార్టీని రెండు పీరియడ్లు నటించి మరీ చెప్పారు. టీ పెట్టెలు సముద్రంలో పారేసినట్టు డస్టర్ కిటికీలోంచి విసిరారు కూడా. చీరాల-పేరాల దగ్గరికొచ్చేసరికి "బిట్టు ప్రశ్న, సంవత్సరం బట్టీ కొట్టండి" అన్నారు. చీరాలలోనే! ఇప్పుడు హైదరాబాద్‌లో మాది చీరాల అంటే చాలు, "ఓ, బీచ్ కదా! రిసార్టు ఎంతవుతుంది?" అంటారు.

నాకు తెలీదు. గూగుల్ చేసుకోండి.