ఒంటి డిస్కు ఉమ్మడి కాపురం

ఉమ్మడి కుటుంబాలు కనుమరుగైపోయాయని వాపోయేవాళ్లు ఒకసారి మా తోడల్లుడి ల్యాప్‌టాప్ బయాస్ (విండోస్ కంటే ముందే లేచి డిస్కుల్ని పలకరించే ప్రోగ్రామ్) తెరిచి చూడాలి. అందులో ఉన్నది ఒకే ఒక్క డిస్కు. స్టోరేజ్ మోడ్ దగ్గర మాత్రం దర్జాగా 'రెయిడ్' అని ఉంది. రెయిడ్ అంటే నాలుగు డిస్కులు ఒకే పొయ్యి మీద వండుకు తినే ఏర్పాటు. ఒకటి మంచం పట్టినా మిగతావి సంసారం లాక్కొస్తాయి. (రెయిడ్ 0లో మాత్రం ఒకటి పోతే అందరికీ తిలోదకాలే. దాన్నీ కుటుంబమనే అంటారు.) ఇక్కడ అన్నా లేడు, తమ్ముడూ లేడు. అయినా ఫ్యాక్టరీలోనే ఉమ్మడి కుటుంబంగా నమోదు చేసి పంపారు.

ల్యాప్‌టాప్ శుభ్రంగా నడుస్తోంది. కానీ ఇంట్లో కంప్యూటర్ తెలిసినవాడని పేరు పడ్డాక, శుభ్రంగా నడుస్తున్నదాన్ని చూస్తూ ఊరుకోవడం బాధ్యతారాహిత్యం. పైగా విండోస్ పక్కనే లైనక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ కూడా ఎక్కిద్దామంటే, రెయిడ్ చాటున ఉన్న డిస్కు దాని ఇన్‌స్టాలర్‌కు కనబడలేదు.

బయాస్‌లోకి వెళ్లాలంటే ఎఫ్2నా, డిలీటా? కంపెనీకో మీట. లోగో కనిపించే రెండు సెకన్లలో నొక్కకపోతే బస్సు కదిలాక చెయ్యెత్తినట్టే. మూడోసారికి దొరికింది. అర్థం కానివాళ్ల కోసం పక్కనే సహాయపు గడి కూడా ఉంది. 'స్టోరేజ్ మోడ్: స్టోరేజ్ మోడ్‌ను ఎంచుకొనుటకు' అని వివరంగా రాశారు. ఎంచుకున్నాను. ఏహెచ్‌సీఐ (డిస్కుతో నేరుగా మాట్లాడే మామూలు పద్ధతి) పెట్టి, సేవ్ చేయడానికి ఎఫ్10 కొట్టాను.

"ఏం నొక్కారన్నయ్యా?"

"వేరు కాపురం పెట్టించాను."

నీలి తెర. ఏడుపు మొహం. కింద 'ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్'. విండోస్ లేచేటప్పుడు తనకు అలవాటైన స్టోరేజ్ డ్రైవర్‌నే (డిస్కుతో మాట్లాడించే ప్రోగ్రామ్) పిలుచుకుంటుంది. ఏహెచ్‌సీఐ డ్రైవర్ ఇంట్లోనే పడుకుని ఉన్నా నిద్ర లేపదు. డిస్కులో ఒక్క బైటు కూడా పోలేదు, పోయిందల్లా మా తోడల్లుడి ముఖంలో రంగే. మళ్లీ రెయిడ్ పెట్టగానే ఏమీ జరగనట్టు లేచి కూర్చుంది.

అసలు పద్ధతి వేరు. ఈసారి సేఫ్ మోడ్‌లో, అంటే అత్యవసరమైన డ్రైవర్లతో మాత్రమే, లేవమని ముందుగా విండోస్‌కు చెప్పాలి, ఆ తర్వాతే బయాస్‌లో మార్చాలి. ఒకసారి అలా లేచిందంటే కొత్త డ్రైవర్ అలవాటవుతుంది, అప్పుడు సేఫ్ మోడ్ తీసేయొచ్చు. అలాగే చేశాను. ఈసారి డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ నిద్ర లేచి 48 అంకెల రికవరీ కీ అడిగింది. మావాడు దాన్ని చాలా జాగ్రత్తగా దాచుకున్నాడు, అదే ల్యాప్‌టాప్‌లో. మెయిల్ ఖాతాలో కూడా ఉందని తేలేసరికి రాత్రి పన్నెండయింది.

ఇంతా చేసి మనం అదృష్టవంతులం. వెనకటి బయాస్‌లు సిలిండర్లు, హెడ్లు, సెక్టార్లు అని డిస్కు కొలతలతో త్రయార్షేయ ప్రవర చెబితేగానీ డిస్కును గడప తొక్కనిచ్చేవి కావు. ఆ మూడూ వరసగా 1024, 16, 63 అనే లెక్క దాటితే 528 మెగాబైట్ల దగ్గరే ఆపేసేవి. పాత డెస్క్‌టాప్‌లకైతే ఇప్పటికీ బయాస్ సెట్టింగులను గుర్తుంచే సీఆర్2032 బ్యాటరీ బిళ్ల అయిపోయిందంటే మనం చేసిన మార్పులన్నీ హుళక్కి. ఫ్యాక్టరీ మాటే వేదం.

"ఇప్పుడు స్పీడు పెరిగిందా అన్నయ్యా?" అన్నాడు మా తోడల్లుడు, ఆవలిస్తూ.

పెరగలేదు.

"కొత్త కాపురం కదా, కుదురుకోనీ" అన్నాను.