సవరణ: క్రిస్ బెన్వా గురించి నేను రాసిన మాట

మొన్న ఆదివారం రెజ్లర్ క్రిస్ బెన్వా గురించి రాస్తూ, స్టెరాయిడ్ల వల్ల వచ్చిన పిచ్చికోపంలోనే భార్యాబిడ్డలను చంపి తనూ చచ్చిపోయాడని, వైద్య నివేదికే అది తేల్చిందని అన్నాను. అది తప్పు. నివేదికలో ఏముందో చూడకుండా, అప్పట్లో టీవీలో విన్నది రాసేశాను.

2007 జూలైలో జార్జియా రాష్ట్ర ప్రధాన వైద్య పరీక్షకుడు చెప్పింది వేరు. అతని ఒంట్లో టెస్టోస్టెరాన్ అనే స్టెరాయిడ్ మామూలుకన్నా చాలా ఎక్కువగా ఉంది, కానీ హత్యలకు అదే కారణమనడానికి ఆధారం లేదు. తర్వాత మెదడును పరీక్షించిన వైద్యులకు తీవ్రమైన నష్టం కనిపించింది. దాన్ని 85 ఏళ్ల అల్జీమర్స్ (మతిమరుపు జబ్బు) రోగి మెదడుతో పోల్చారు. రింగు పైతాడు ఎక్కి తలతో దూకే పట్టు ఏళ్ల తరబడి వేసిన మనిషి, తల వెనక కుర్చీ దెబ్బలు కూడా తిన్నాడు. అయితే ఆ నష్టమే హత్యలు చేయించిందనీ ఎవరూ రుజువు చేయలేదు.

ఇంకోటి. 2004లో న్యూయార్క్‌లో ప్రపంచ బెల్టు గెలిచిన రాత్రి గురించే ఎక్కువ రాశాను కాబట్టి, అతన్ని వెనకేసుకొస్తున్నానని మా ధర్మాబాద్‌లో కొందరు అనుకున్నారు. కాదు. అతని భార్య నాన్సీ తన ఇంట్లోనే చనిపోయింది. కొడుకు డేనియల్‌కు అప్పటికి 7 ఏళ్లు. వాళ్ల పేర్లు ఆ పోస్టులో ముందే రాయాల్సింది.

మా తాలీంలో (కుస్తీ నేర్పే చోట) పిల్లలు ఆ తలదూకుడు ఇంకా ఆడుతున్నారు. నిన్న వెళ్లి ఆపించాను.