ఒకే గాటన కట్టే లేబుళ్లు

ఉప్పు ప్యాకెట్ల మీద కూడా 'నాన్ జీఎంఓ' (జన్యుమార్పిడి చేసింది కాదు) అని అచ్చేసి అమ్ముతున్న కాలమిది. ఉప్పులో జన్యువే ఉండదు, ఇక మార్చడానికి ఏముంది? అదే సమయంలో జన్యుమార్పిడి సోయా నుంచి తీసిన నూనె కొన్ని దేశాల్లో ఏ ముద్రా లేకుండా అరలకెక్కుతోంది. కొనేవారికి భయాన్నో భరోసానో అంటగట్టేవారే గానీ అక్కరకొచ్చే సమాచారం ఇచ్చేవారు తక్కువ.

జన్యుమార్పిడి (జీఎం) ఆహారం మంచిదా, చెడ్డదా అనే వాదం ఎప్పటికీ తెగదు, ఎందుకంటే ఆ ప్రశ్నే సరిగ్గా లేదు. ఏ పంటలో, ఏ జన్యువును, ఎందుకోసం మార్చారని అడగాలి. 1994లో అమెరికాలో అమ్మకానికొచ్చిన ఫ్లేవర్ సేవర్ టమాటాలో కాయను మెత్తబరిచే ఎంజైమ్‌ను అణిచిపెట్టారు. హవాయిలో రింగ్‌స్పాట్ వైరస్ బొప్పాయి తోటలను తుడిచిపెడుతుంటే, ఆ వైరస్ పైతొడుగు ప్రొటీన్‌కు చెందిన జన్యువునే మొక్కలో చొప్పించి 1998లో రైతులకిచ్చారు. అంతకుముందు తెగులు సోకిన పండ్లు తిన్నవారు అదే ప్రొటీన్‌ను ఇంకా ఎక్కువగానే తిన్నారు. బీటీ మొక్కజొన్నలో పురుగును చంపే ప్రొటీన్ నేలలో ఉండే బీటీ అనే బ్యాక్టీరియాది. గొంగళిపురుగు పేగుల్లో క్షారం ఎక్కువ. అక్కడ అది చురుకెక్కి, పేగు గోడలోని గ్రాహకాలకు అతుక్కుని చిల్లులు పెడుతుంది. మన జీర్ణాశయంలో ఉండేది ఆమ్లం, పైగా ఆ గ్రాహకాలు మనకు లేవు. సేంద్రియ రైతులు దశాబ్దాలుగా చల్లుతున్న బీటీ మందు కూడా ఆ బ్యాక్టీరియాతో చేసిందే.

కలుపు మందును తట్టుకునే సోయా సంగతి వేరు. 1996 నుంచి సాగులో ఉన్న ఈ రకంలో, గ్లైఫోసేట్ అనే కలుపు మందు దెబ్బతీసే ఎంజైమ్ చేసే పనిని ఆ మందుకు లొంగని బ్యాక్టీరియా ఎంజైమ్ చేసిపెడుతుంది. కలుపు చస్తుంది, పైరు నిలుస్తుంది. ఇక్కడ తినేవారు పట్టించుకోవాల్సింది కొత్త ప్రొటీన్ కన్నా గింజలో మిగిలే మందు గురించి. 2015లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ గ్లైఫోసేట్‌ను 'బహుశా క్యాన్సర్ కారకం' అనే వర్గంలో చేర్చింది. అదే ఏడాది ఐరోపా ఆహార భద్రతా సంస్థ ఆ ముప్పు ఉండకపోవచ్చంది. మొదటి సంస్థ తూచేది పదార్థానికి ఆ గుణం ఉందా లేదా అన్నదే. ఎంత తింటే ఎంత ముప్పన్నది దాని లెక్కలోకి రాదు. ఇంకో మెలిక ఉంది. కొన్ని చోట్ల గోధుమ, ఓట్స్ పైరు కోతకు ముందు త్వరగా ఎండాలని ఇదే మందు కొడతారు, అవి జీఎం రకాలు కాకపోయినా సరే. కాబట్టి 'నాన్ జీఎంఓ' ముద్ర చూసి కలుపు మందును తప్పించుకున్నామనుకుంటే పొరపాటే. ఈ సోయానూ ఆ బొప్పాయినీ ఒకే గాటన కడుతున్నాయి నేటి లేబుళ్లు.

అసలు కన్నేసి ఉంచాల్సింది అలర్జీల మీద. సోయాలో తక్కువగా ఉండే మిథియోనైన్ అనే అమైనో ఆమ్లాన్ని పెంచాలని బ్రెజిల్ నట్ జన్యువును అందులో పెట్టారు. ఆ నట్స్ పడనివారి సీరంతో పరీక్షిస్తే, వారికి పడనిది సరిగ్గా ఆ ప్రొటీనేనని బయటపడింది. 1996లో ఫలితాలు అచ్చయ్యాయి. ఆ సోయా మార్కెట్ మొహం చూడలేదు. ఇప్పుడు అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ 2003 మార్గదర్శకాల ప్రకారం కొత్త ప్రొటీన్‌ను తెలిసిన అలర్జీ కారకాలతో పోల్చి చూస్తారు. 80 అమైనో ఆమ్లాల నిడివిలో పోలిక 35 శాతం మించితే అనుమానించాల్సిందే. జీర్ణాశయంలోని ఎంజైమ్ పెప్సిన్‌లో ఎంత త్వరగా అరుగుతుందో కూడా చూస్తారు.

తనిఖీ పనిచేసినా గోదాము పనిచేయకపోతే ఏమవుతుందో స్టార్‌లింక్ అనే జీఎం మొక్కజొన్న చూపించింది. అందులోని ప్రొటీన్ నెమ్మదిగా అరుగుతోందని, 1998లో అమెరికా దాన్ని పశువుల మేతకు మాత్రమే అనుమతించింది. 2000 సెప్టెంబరులో అది మనుషులు తినే టాకో (మెక్సికన్ చిరుతిండి) పెంకుల్లో తేలింది. గాలికి ఎగిరే పుప్పొడి, అందరి గింజలూ ఒకే చోట పోసే గోదాములు ఉన్నప్పుడు మేత వేరు, తిండి వేరు అన్న గీత నిలుస్తుందా? 300కు పైగా ఉత్పత్తులను వెనక్కి రప్పించారు. ఫిర్యాదు చేసినవారి రక్త నమూనాల్లో ఆ ప్రొటీన్ వల్ల అలర్జీ వచ్చినట్టు ఆధారం దొరకలేదు. అది అదృష్టమే తప్ప వ్యవస్థ గొప్పతనం కాదు.

ఇప్పటివరకు అమ్మకంలో ఉన్న జీఎం పంటలు మామూలు పంటల కన్నా ఆరోగ్యానికి ఎక్కువ ముప్పు అనడానికి గట్టి ఆధారం లేదని అమెరికా జాతీయ అకాడమీలు 2016 నివేదికలో తేల్చాయి. రేపు వచ్చే ప్రతి రకానికీ ఇది ముందస్తు యోగ్యతాపత్రం కాదు. జీఎం మొక్కజొన్న తిని గడ్డలు తేలాయన్న ఎలుకల ఫొటోలు మాత్రం ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. 2012 నాటి ఆ అధ్యయనంలో గుంపుకు 10 ఎలుకలే. అవి కూడా వయసు మీరితే వాటంతటవే గడ్డలొచ్చే జాతివి. పత్రిక 2013లో దాన్ని ఉపసంహరించుకుంది.

ఇక కొనేటప్పుడు చూడాల్సినవి. గింజల్లేని పుచ్చకాయ జీఎం కాదు, క్రోమోజోముల సంఖ్య తేడా ఉన్న రెండు రకాలను సంకరం చేసి పండించింది. పండు స్టిక్కర్ మీద 8తో మొదలయ్యే ఐదంకెల కోడ్ ఉంటే జీఎం అని తిరిగే సందేశం నమ్మి లాభం లేదు. ఆ అంకెను ఒకప్పుడు అందుకని కేటాయించినా దుకాణాల్లో వాడిందే లేదు. 'మాడిఫైడ్ స్టార్చ్' అంటే రసాయనాలతోనో వేడితోనో గుణం మార్చిన పిండి అని మాత్రమే అర్థం. జీఎం పదార్థాలు ఎక్కువగా వచ్చేది సోయా, మొక్కజొన్న, కనోలా (ఆవాల జాతి నూనెగింజ), పత్తి గింజలు, షుగర్‌బీట్ నుంచి. అంటే నూనె, లెసిథిన్, కార్న్ సిరప్, చక్కెర రూపంలో.

లేబుల్ మీద మాట లేకపోతే జీఎం లేదనీ కాదు. అనుకోకుండా కలిసినదానికి ఐరోపా 0.9 శాతం, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ 1 శాతం, అమెరికా 5 శాతం దాకా మినహాయింపు ఇస్తున్నాయి. గింజల రవాణాలో ఎంత కలగాపులగాన్ని సహించాలన్న బేరంలో తేలిన అంకెలివి, ఆరోగ్యానికీ వీటికీ సంబంధం లేదు. నూనె శుద్ధిలో డీఎన్ఏ, ప్రొటీన్ దాదాపుగా పోతాయి. జాడ దొరకని నూనెకు అమెరికా లేబుల్ అడగదు. ఐరోపా మాత్రం మూలం జీఎం అయితే చాలు, రాయాల్సిందే అంటుంది. అదే ఐరోపా, జీఎం మేత తిన్న పశువుల పాలకూ మాంసానికీ లేబుల్ అక్కర్లేదంటుంది.

డీఎన్ఏ జాడను పట్టే పీసీఆర్ పరీక్షలో సాధారణంగా వెతికేది, చాలా జీఎం పంటల్లో ఉండే 35ఎస్ అనే తునకను. అది కాలీఫ్లవర్ మొజాయిక్ వైరస్ నుంచి తెచ్చుకున్న, జన్యువును పనిచేయించే స్విచ్. కాబట్టి ఆ వైరస్ సోకిన కనోలా మామూలుదైనా జీఎంగా కనిపించగలదు. జన్యు సవరణ వచ్చాక చిక్కు ఇంకా ముదిరింది. 2021 నుంచి జపాన్‌లో అమ్ముతున్న, గాబా అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండే టమాటాలో వెతకడానికి 35ఎస్ ఉండదు. దాని సొంత జన్యువునే కాస్త కత్తిరించారు. అలాంటి చిన్న కోత ప్రకృతిలో జరిగిందో ప్రయోగశాలలో జరిగిందో, ముందే తెలియకపోతే ఏ పరీక్షా చెప్పలేదు. అందుకే లేబుల్ మీద ఉత్త 'జీఎం' అని వదిలేయకుండా 'కలుపు మందును తట్టుకునే సోయా', 'వైరస్‌ను తట్టుకునే బొప్పాయి' అని గుణంతో సహా రాయాలని, ఆ మాటకు ఆధారంగా విత్తన సంచి నుంచి అర దాకా ప్రతి చేతి మార్పిడికీ రశీదు ఉండాలని మేం కోరుతున్నాం.